‘రిచ్‌గా, మోడ్రన్‌గా, మన సంప్రదాయంగా’: పట్టుచీరల షాపు లోగోకి ఏ ఫాంటు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. రాజమండ్రిలో ఒక పట్టుచీరల షాపు. ఓనరుగారు సంప్రదాయం ఉట్టిపడాలన్నారు, వాళ్ళ కోడలు మోడ్రన్‌గా ఉండాలంది, చివరికి ఇద్దరూ ‘రిచ్‌గా ఉండాలి’ అన్న మాట దగ్గర రాజీపడ్డారు. మీరు ఇంగ్లిష్ పేరుకి సన్నటి జ్యామెట్రిక్ ఫాంటు (వృత్తాలూ సూటి గీతలతో కట్టినట్టుండే అక్షరాలు), తెలుగు పేరుకి మెలికలు తిరిగిన అలంకారం ఫాంటు పెట్టారు. విడివిడిగా రెండూ బాగానే ఉన్నాయి. పక్కపక్కన పెడితే రెండు షాపుల బోర్డులు ఒకే గోడకి తగిలించినట్టుంది. ఎక్కడ బెడిసిందని అడిగారు.

ఫాంట్లు ఎంచుకోకముందే బెడిసింది. జ్యామెట్రిక్ అంటే మోడ్రన్, అలంకారం అంటే సంప్రదాయం అనుకుని కూర్చున్నారు. అది రోమన్ లిపి, అంటే ఇంగ్లిష్ అక్షరాలు రాసేవాళ్ళ లెక్క. తెలుగులో అది సరిగ్గా నడవదు, కొన్నిచోట్ల పూర్తిగా తిరగబడుతుంది.

రోమన్ వైపు నుంచే మొదలుపెడతాను. జ్యామెట్రిక్ ఫాంట్ల కుటుంబానికి పెద్దదిక్కు ఫ్యూచురా. జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ గీశాడు, 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బౌవర్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు తయారుచేసే కంపెనీ) పోతపోసి అమ్మకానికి పెట్టింది. అప్పటి జర్మనీలో పుస్తకాలూ పత్రికలూ చాలావరకు బ్లాక్‌లెటర్‌లో వచ్చేవి, అంటే కోసుగా, ముళ్ళు ముళ్ళుగా ఉండే అక్షరం. ఆ ముళ్ళ పక్కన ఒక వృత్తం, ఒక త్రికోణం, ఒక నిలువు గీత వచ్చి నిలబడితే జనానికి కొత్త కాలం కనపడింది. పక్కనున్నవి గుండ్రంగా లేవు కాబట్టే ఫ్యూచురా గుండ్రం అంత కొత్తగా అనిపించింది. ఆ వాసన ఎంత గట్టిగా పట్టిందంటే, 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద వదిలిన ఫలకం మీది రాత కూడా ఫ్యూచురాయే.

పేరుకే జ్యామితి అనుకోండి. ఫ్యూచురాలో సున్నా లాంటి ‘ఓ’ అక్షరాన్ని బాగా పెద్దది చేసి కొలవండి. గీత పక్కల కాస్త లావుగా, పైనా కిందా కాస్త సన్నంగా ఉంటుంది. గుండ్రం వచ్చి నిలువు గీతని తాకేచోట ఇంకా సన్నబడుతుంది. కంటికి సమానంగా కనపడాలని కొలతని కావాలనే తప్పించారు. ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సర్కిల్ టూల్‌తో అక్షరాలు కట్టి ‘జ్యామెట్రిక్ లోగో’ అనేవాళ్ళకి ఎక్కడ తేలిపోతోందో తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన లిపికి రండి. ర, ల, ద, ఠ, సున్న, ఏది చూసినా గుండ్రమే. కాబట్టి తెలుగులో గుండ్రంగా గీస్తే కొత్తదనం ఏమీ రాదు. మన కన్ను తెలుగక్షరంలో పాతనీ కొత్తనీ వేరే రెండుచోట్ల చూసి పోల్చుకుంటుంది. ఒకటి గీత మందం: ఒకేలా పోతోందా, లావు సన్నాలు మారుతున్నాయా. రెండోది తలకట్టు: కలం విదిలించినట్టు వంపుగా లేస్తోందా, కత్తిరించినట్టు పొట్టిగా ఆగిపోతోందా. శ్రీకృష్ణదేవరాయ, టైరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి లావు సన్నాలవి. వాటిలో ఏది తెరిచినా మనకి పుస్తకం గుర్తొస్తుంది. టైరో తెలుగైతే అసలు మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే ప్రాచీన భారతీయ గ్రంథాల సిరీస్ కోసం గీసిన అక్షరం నుంచే వచ్చింది. గౌతమి, నోటో శాన్స్, హింద్ గుంటూరు ఒకే మందం గీతవి. వాటిలో ఫోనూ కంప్యూటరూ కనపడతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రెండు ఫాంట్లు చేసి లావు సన్నాలున్న దానికి పోతన అని, సాదా గీతకి వేమన అని పేరు పెట్టారు. ఆ పేర్లు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఫాంటు మూడ్ గురించి అంత పొట్టి పాఠం ఇంకోటి లేదు.

తిరగబడే చోటు ఇక్కడే ఉంది. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరానికి లావు సన్నాలు లేవు. మొన ఎటు తిరిగినా గీత ఒకటే, తర్వాత మసి రుద్దితే ఆ గాట్లలో నలుపు నిలిచేది. అంటే సన్నటి, ఒకే మందం గీత తెలుగుకి నిన్నా మొన్నా వచ్చిన సోకు కాదు, మన లిపికి ఉన్న పాత చేతిరాతల్లో ఒకటి. మీ ఓనరుగారికీ ఆయన కోడలికీ ఒకేసారి నచ్చే దారి ఇందులోనే ఉంది. సన్నటి గీత తెలుగు అక్షరం ఆమెకి మోడ్రన్‌గా కనిపిస్తుంది. ఆయనకి ‘తాటాకు మీద రాతలా గీశాను’ అని చూపించండి, ఒక తాటాకు ప్రతి ఫొటో పక్కన పెట్టి మరీ చూపించండి. రెండూ నిజమే కాబట్టి రెండు నాలుకలతో మాట్లాడినట్టు అవదు.

మీరు తెలుగుకి పెట్టిన ఆ మెలికల ఫాంటు సంగతి. అలంకారం తప్పని నేననను, అది పడ్డచోటు తప్పు. రోమన్‌లో క్యాపిటల్ అక్షరం ఉంది. పేరు మొదట్లో ఒక్క అక్షరానికి తోక సాగదీసి, మిగతావి బుద్ధిగా ఉంచుతారు. పాట మొదట్లో ఒక్క ఆలాపన లాగ. మనకి క్యాపిటల్ లేదు. ఫాంటు చేసినవాడు ఆ మెలికని తలకట్టులో పెడితే ఎనిమిది అక్షరాల పేరులో అది ఆరేడుసార్లు వస్తుంది. ఒక్కసారి వస్తే నగ, ఏడుసార్లు వస్తే చేట్లో బియ్యం గింజలు. కన్ను ఎక్కడా నిలవదు.

ఇంకో చిక్కు ఇంతకంటే మొండిది. బోర్డు మీద ‘సిల్క్స్’ అని ఉంటుంది కదా. ఇంగ్లిష్‌లో అవి ఐదు పెద్దక్షరాలు, ఒకే ఎత్తు, పైకీ కిందికీ ఏదీ పొడుచుకురాదు. తెలుగులో అదే మాటకి గుడి పైకి పోతుంది, ల మీద పొల్లు, ల కింద క వత్తు, దాని తర్వాత స వత్తు. రెండక్షరాల జాగాలో అంత సామాను. అలంకారం ఫాంట్లలో చాలావాటికి ఇలాంటి మూడు హల్లుల మాట వస్తే వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేకపోతే కింది లైను నెత్తిన కూర్చుంటాయి. ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసేటప్పుడే ఈ గుత్తులు ఎక్కువ: స్వీట్స్, టెక్స్‌టైల్స్, ఎలక్ట్రికల్స్. ‘బేకరీ’ అని రాయడం మాత్రం ఏ ఫాంటులోనైనా సుఖం. బేకరీ లోగోలు చేసి డిజైనర్ అయ్యాననుకున్నవాళ్ళు బట్టల షాపు దగ్గర బోల్తాపడేది అందుకే (నేనూ పడ్డాను).

నా చేతిలో పాడైన ఒక పని చెబుతాను. శుభలేఖ. పైన ‘శ్రీరస్తు శుభమస్తు’, కింద వధూవరుల పేర్లు, అన్నీ బంగారు రంగు ఫాయిల్‌తో. లావు సన్నాలు బాగా ఉన్న ఫాంటు తీసుకున్నాను, స్క్రీన్ మీద నెమలికన్నులా ఉంది. ఫాయిల్ వేస్తే సన్నగీతలు సగం అంటుకోలేదు. అందం తగ్గిందంటే సర్దుకుపోవచ్చు. పెళ్ళికూతురి పేరు మాధవి. ధ కింద ఉండే చిన్న నిలువు గీత ఎగిరిపోయి ప్రతి కార్డులో ‘మాదవి’ అయి కూర్చుంది. అమ్మాయి తాతగారు తెలుగు మాస్టారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ప్రింటర్ తప్పేం లేదు, ఆ గీత మందం చూసుకోవాల్సింది నేను. మళ్ళీ నా ఖర్చుతో వేయించాను.

అప్పటినుంచి ఏ తెలుగు ఫాంటు తీసుకున్నా ముందు కొన్ని జతలు రాసి చూస్తాను: ద ధ, డ ఢ, ప ఫ, ప వ, వ మ, ర ఠ. మన లిపిలో అక్షరాన్ని అక్షరం నుంచి వేరుచేసేది చాలాచోట్ల ఒక చుక్క, ఒక పొట్టి గీత, ఒక చిన్న ఖాళీ, అంతే. అలంకారం ఫాంటు ఆ చిన్న గీతని మెలికల్లో ముంచేస్తుంది. మరీ కచ్చితమైన జ్యామెట్రిక్ ఫాంటు వృత్తం పూర్తి చెయ్యాలన్న తొందరలో ఆ ఖాళీని మూసేస్తుంది. ప తల దగ్గర ఆ సందు మూసుకుపోయిందంటే దూరం నుంచి అది వ. ‘పట్టు’ని ‘వట్టు’గా చదివించే లోగో ఎంత రిచ్‌గా ఉండి ఏం లాభం?

‘రిచ్’ అన్న మాట మీద కొంచెం ఆగాలి. అక్షరం మూడ్‌లో సగం దాని ఆకారానిదైతే, సగం మనం దాన్ని ఇంతకుముందు ఎక్కడ చూశామన్నది. రుడాల్ఫ్ కోచ్ అనే జర్మన్ డిజైనర్ 1923లో న్యూలాండ్ అనే మొరటు చెక్కుడు అక్షరం చేశాడు. ఆయన మనసులో అడవులూ లేవు, ఆఫ్రికా లేదు. తర్వాతివాళ్ళు దాన్ని సఫారీలకీ అడవి సాహసాలకీ వాడీ వాడీ, ఇప్పుడు ఎవరు చూసినా అదే గుర్తొచ్చేలా చేశారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళ హోటల్ మెనూలు చూడండి. రోమన్ అక్షరాల నెత్తిన హిందీ గీత తగిలించిన ఫాంటు ఉంటుంది. ఇండియా అని చెప్పడానికట. లోపల పెట్టేది గుత్తివంకాయ, గోంగూర. మన లిపికి ఆ గీతే లేదు. ఆ హోటల్‌వాళ్ళ తప్పేమీ లేదులెండి, డిజైన్ చేసినవాడి చేతికి అందిన జ్ఞాపకం అది.

తెలుగు అలంకారం ఫాంట్లకి ఇదే జరిగింది. మన డీటీపీ సెంటర్లన్నీ ఏళ్ళ తరబడి ‘అను’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఫాంట్లలోని అవే కొన్ని అక్షరాలు వాడాయి. వాటికే అవుట్‌లైన్, షేడ్, ఎరుపు మీద పసుపు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, గణేశ్ ఉత్సవ కమిటీ ఫ్లెక్సీ, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, అన్నిటిమీదా అవే. వాటిలో గీతల పనితనం నిజంగా బాగున్నవి ఉన్నాయి. కానీ నాలుగు రోడ్ల కూడలిలో రోజూ కనపడే అక్షరం జనానికి ఖరీదైనదిగా అనిపించదు. మీ షాపు ‘రిచ్’ కాలేకపోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం. బాపుగారి చేతిరాత ఫాంటుకీ అంతే, ఇంకో దిక్కున. చూడగానే చనువు, చమత్కారం, ఇంటి పెళ్ళి. ఆయన గీతని నేను ప్రాణంగా చూసుకుంటాను, కానీ లక్షరూపాయల చీర అమ్మేచోట అది కస్టమర్ని చూసి కన్నుగీటినట్టుంటుంది.

ఇంగ్లిష్ వైపు కూడా ఈ జ్ఞాపకం లెక్క చూసుకోండి. సెంచురీ గోథిక్ గుండ్రంగా ముద్దుగానే ఉంటుంది, కానీ మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చి ఊరందరి కంప్యూటర్లలో ఉంది. గోథమ్‌ని 2008లో ఒబామా ప్రచారం వాడాక, అలాంటి దిట్టమైన జ్యామెట్రిక్ పెద్దక్షరాలు చూస్తే నాకు మాత్రం పార్టీ మీటింగ్ గుర్తొస్తుంది. పాతకాలపు నగలపెట్టె వాసన కావాలంటే 1920ల ఆర్ట్ డెకో వైపు వెళ్ళాలి. పొడుగు కాళ్ళు, చిన్న నడుము, పెద్ద గుండ్రాలు. ఉచితంగా దొరికేవాటిలో జోసెఫిన్ శాన్స్ ఆ కాలపు ఛాయ ఉన్నది, జోస్ట్ ఫ్యూచురాకి దగ్గరి చుట్టం. బ్రాడ్‌వే లాంటి లావుపాటి డెకో అక్షరం జోలికి పోకండి, అది సినిమా హాలుకి బాగుంటుంది, చీరకి బరువు.

మీ పని నా టేబుల్ మీదికి వస్తే ఇలా చేస్తాను. ఇంగ్లిష్ పేరు జోస్ట్‌లో, పెద్దక్షరాల్లో, కాస్త సన్నటి బరువు (ఫాంటు భాషలో బరువంటే గీత లావు), అక్షరాల మధ్య ధారాళంగా ఖాళీ. తెలుగుకి అనేక్ తెలుగు తెరుస్తాను. ఏక్ టైప్ వాళ్ళది, బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. పాయింట్ సైజు అంకెలు అసలు చూడను. ముందు తెలుగు గీత మందం ఇంగ్లిష్ గీతతో కంటికి సమానమయ్యేదాకా బరువు జరుపుతాను. తర్వాత వెడల్పు కొంచెం పెంచుతాను, మన గుండ్రాలకి గాలి ఆడితే సన్నగీత నీరసంగా కాకుండా నెమ్మదిగా కనపడుతుంది. ఎత్తు సరిచూసేటప్పుడు వత్తులూ గుడులూ వదిలేసి, ర లేదా ల ఎత్తుని ఇంగ్లిష్ పెద్దక్షరంతో పోలుస్తాను, దానికంటే కాస్త పొట్టిగా ఉంచుతాను. లేకపోతే వత్తులతో కలిపి తెలుగు ముద్ద పెద్దదైపోయి ఇంగ్లిష్‌ని మింగేస్తుంది.

ఖాళీ దగ్గర జాగ్రత్త. ఇంగ్లిష్‌లో పనిచేసిన ట్రాకింగ్ అంకెని, అంటే అక్షరాల మధ్య ఖాళీ కొలతని, తెలుగుకి అంటించకండి. మన అక్షరాల మధ్య జాగా వత్తుల తోకల వల్ల ముందే ఎగుడుదిగుడుగా ఉంటుంది. య వత్తు కుడివైపుకి సాగుతుంది, దీర్ఘం పైన చెయ్యి చాస్తుంది. అంతా సమానంగా విడదీస్తే పేరు పళ్ళూడిన దువ్వెనలా అవుతుంది. ఇంగ్లిష్‌కి ఇచ్చినదాంట్లో మూడోవంతుతో మొదలుపెట్టి, ఒక్కో జత మధ్యా చేత్తో సర్దుకోండి. పాత నాన్‌యూనికోడ్ ఫాంట్లలో (ఇప్పటి ఫోన్ల తెలుగు కంటే ముందటి డీటీపీ పద్ధతివి) అయితే ట్రాకింగ్ ముట్టుకోనే వద్దు, తలకట్టూ గుడీ వేరే ముక్కలుగా ఉంటాయి కాబట్టి అక్షరం నుంచి ఊడి పక్కకి నడుస్తాయి.

మరి అలంకారం? ఒక్కచోట. పేరు ముందు ‘శ్రీ’ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. పద్దు పుస్తకం మొదటి పేజీ నుంచి పెళ్ళిపత్రిక దాకా శ్రీని ముద్దుగా గీసుకోవడం మనకి అలవాటే. ర వత్తు తోకని కుడివైపుకి లాగి చీర అంచులా పేరు కింద పరిచి చూడండి. ఫాంటులో దొరికే శ్రీ వాడకుండా పెన్సిల్‌తో ఇరవై ముప్ఫైసార్లు గీసి, నచ్చినదాన్ని మిగతా అక్షరాల గీత మందంలోనే వెక్టర్ చెయ్యండి, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతగా కంప్యూటర్‌లో గీయండి. అలంకారానికి కూడా అదే గీత కాబట్టి రెండో షాపులా కనపడదు. శ్రీ లేకపోతే ‘పట్టు’లో ట వత్తు ఉంది, దాన్ని ఇలాగే కిందికి లాగొచ్చు.

సన్నగీతకి ఒక ఖర్చుంది, అది ఓనరుగారికి ముందే చెప్పండి. షాపు పైన వెలిగే అక్షరాలు పెట్టిస్తారు కదా, మరీ సన్నటి గీతలో ఎల్‌ఈడీ పట్టదు. చీరలకి కుట్టే నేత లేబుల్ మీద కూడా సన్నగీత దారాల్లో కలిసిపోతుంది. అందుకని ఒకే లోగోని రెండు బరువుల్లో ఇవ్వండి: సంచీకి, కార్డుకి, ఇన్‌స్టాగ్రామ్‌కి సన్నది, బోర్డుకి, లేబుల్‌కి రెండు మెట్లు లావుది. అనేక్ లాంటి ఫాంటు ఎంచుకోమన్నది ఇందుకు కూడా.

వేరే పనులకి ఇదే లెక్క ఎలా మారుతుందో పైపైన చెప్పేస్తాను. పిల్లల బట్టలైతే బాలూ తమ్ముడు, ఉబ్బిన బుగ్గల్లాంటి అక్షరం, ఇంకేం ఆలోచించక్కర్లేదు. కూచిపూడి రంగప్రవేశం కార్డుకి లావు సన్నాలున్న అక్షరమే బాగుంటుంది, అక్కడ పుస్తకం గుర్తు రావాలి. నగల షాపుకి దాదాపు మీ చీరల లెక్కే, కాకపోతే ఇంకొంచెం లావు. క్లినిక్‌కి మాత్రం జ్యామెట్రిక్, అలంకారం రెండు రకాలూ వద్దు, మందు పేరు చదవడానికి ఎవరూ కళ్ళు చికిలించకూడదు.

నచ్చిందా అని ఎవర్నీ అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. పేరులోంచి ‘సిల్క్స్’ తీసేసి మిగతా రెండు మాటలు మాత్రం చూపించి ‘ఇక్కడ ఏం అమ్ముతారనుకుంటున్నారు?’ అని అడగండి. మీ ఇప్పటి డిజైన్‌కి స్వీట్లు, ఈవెంట్లు అని జవాబులొస్తాయని నా పందెం. తర్వాత దాన్ని ఏ4 మీద ప్రింట్ తీసి రోడ్డుకి అవతల గోడకి అంటించి, బండి మీద వెళ్తూ ఒకసారి చూడండి. ప, వ సంగతి అక్కడే తేలుతుంది.

లైసెన్స్ మాట మర్చిపోయేవాణ్ణి. జోస్ట్, జోసెఫిన్, అనేక్, బాలూ, టైరో అన్నీ ఓపెన్ లైసెన్స్‌వి, లోగోకి డబ్బు కట్టక్కర్లేదు. ఫ్యూచురా కొనుక్కోవాలి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారని వాడేసి రేపు క్లయింట్‌ని ఇరికించకండి. ముందు ‘సిల్క్స్’ ఒక్క మాట అనేక్‌లో మూడు వెడల్పుల్లో పెట్టి, ఆ స వత్తు ఎక్కడ కూర్చుంటోందో ఫొటో పంపండి. దాన్ని చూశాక శ్రీ తోక ఎటు లాగాలో మాట్లాడుకుందాం.